చిల్కూరు నుండి విశాఖ రేవుకు

మా చిల్కూరుకు సముద్రం లేదు. గండిపేట చెరువు ఉంది. 1908లో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచివేసిన తరువాత, అటువంటి ఉపద్రవం మళ్ళీ రాకూడదని మూసీకి అడ్డంగా కట్టి 1920లో పూర్తిచేసిన జలాశయమది. కాగితాలలో దాని పేరు ఉస్మాన్ సాగర్. మాకు మాత్రం గండిపేటే. మంచి వానలు పడిన సంవత్సరం ఆవలి గట్టు మసకగా కనిపించేటంత నీళ్ళు నిండినప్పుడు మా సండేస్కూలు పిల్లలు దానినే సముద్రమనుకుంటారు. గలిలయ సముద్రమును గూర్చి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు మేము కూడా ఆ నీళ్ళనే చూపిస్తాము. తప్పేమీ లేదు, గలిలయ సముద్రము కూడా ఒక మంచినీటి సరస్సే కదా!

మా ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది బాలాజీ దేవాలయం. విదేశాలకు వీసా కావాలని కోరుకొని పదకొండు ప్రదక్షిణలు, ఆ కోరిక తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి వెళ్ళే యువకులను మేము ఏళ్ళ తరబడి చూస్తున్నాము. ఇంతమంది దూరప్రయాణీకులు వచ్చిపోయే ఊరే అయినా, మా చిన్న సంఘములో నుండి సముద్రం మీదికి వెళ్ళినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆ మొదటివాడి మూలంగానే మేము ఈ ప్రయాణం చేయవలసి వచ్చింది.

మా సంఘములో ఒక తల్లి ఉన్నది. మొయినాబాదు వైపు పూలతోటలలో కూలికి వెళ్ళి ఇద్దరు పిల్లలను పెంచింది. భర్త ప్రభువునందు నిద్రించి తొమ్మిదేళ్ళయింది. పెద్దవాడు పదవ తరగతి పాసై, నౌకాదళంలో అగ్నివీరుగా ఎంపికయ్యాడు. ఆదివారం ఆరాధనలో ఆ సంగతి ప్రకటించగానే అందరూ చప్పట్లు కొట్టారు. కాని వారం తిరగకముందే ఆ తల్లి మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"అయ్యగారూ, వాడు చేసేది వంట పనంట గద. లేకుంటే వడ్డించుడు, లేకుంటే ఊడ్చుడు. మా తమ్ముడు నవ్వుతుండు, 'నీ కొడుకు ఓడల చపాతీలు చేస్తడక్కా' అని. గరిట పట్టనీకి సముద్రం దాక పోవాల్నా? మల్ల ఆ ఓడ మునిగితే నా గతేంది? ఓడలు ఎన్ని తీర్లుంటయి అయ్యగారూ? వాణ్ణి ఏ ఓడ ఎక్కిస్తరు?"

నిజం చెప్పాలంటే మాకు జవాబు తెలియదు. అపొస్తలుల కార్యములు ఇరువది యేడవ అధ్యాయము మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు గాని, ఒక్క ఓడనైనా దగ్గరనుండి చూసినవారము కాము. తెలియని సంగతికి ప్రార్థనను అడ్డుపెట్టుకోవడం కాపరికి తగదు. అందుచేత ప్రార్థన చేసి, తరువాత విశాఖపట్నంలో మాకు తెలిసిన ఒక సంఘకాపరికి ఫోను చేశాము. వారి సంఘములో నౌకాదళం నుండి రిటైరైన పెద్ద ఒకరున్నారనీ, సంక్రాంతి సెలవులలో అందరినీ తీసుకొని రమ్మనీ ఆయన ఎంతో ప్రేమతో పిలిచారు.

పిల్లలు గల తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఆ ఉద్యోగాన్ని గూర్చి ఇక్కడే నాలుగు మాటలు వ్రాస్తున్నాము. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతి ప్రకారం ఉద్యోగకాలం నాలుగేళ్ళు. ఆ తరువాత నూటికి ఇరవై ఐదుగురికి మించకుండా శాశ్వత సేవలోకి తీసుకుంటారు. మిగిలినవారు సేవానిధితో ఇంటికి తిరిగివస్తారు. పథకం ప్రకటించినప్పుడు ఆ నిధి సుమారు 11.71 లక్షల రూపాయలని చెప్పారు. పెన్షను ఉండదు. ఇంటరులో లెక్కలు, భౌతికశాస్త్రం చదివినవారు ఒక కోవలో చేరతారు. పదవ తరగతితో చేరేవారిది మరొక కోవ. వీరికి వంట, వడ్డన, పారిశుద్ధ్యం, ఈ మూడింటిలో ఒక పని వస్తుంది. మొదటి శిక్షణ మాత్రం అందరికీ ఒక్కచోటే, ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున. ఒడ్డునున్న స్థావరాలకు కూడా ఓడలకు పెట్టినట్టే పేర్లు పెట్టడం నౌకాదళం అలవాటు. ఆ శిక్షణస్థావరం పేరు ఐ.ఎన్.ఎస్. చిల్కా. "చిల్కూరు పిలగాడు చిల్కాకు పోతుండు" అని మా యువజనులు అప్పుడే ఒక మాట పుట్టించారు.

మేము దంపతులము, ఆ తల్లి, ఆమె కొడుకు, నవ్విన మేనమామ, యువజన సంఘము నుండి ఇద్దరు, మొత్తం ఏడుగురము ఒక సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. అర్ధరాత్రి దాటాక బండి గోదావరి వంతెన మీద దడదడలాడుతుంటే ఆ తల్లి కిటికీ దగ్గర మేలుకొనే ఉన్నది. "ఇదేనా సముద్రం?" అని అడిగింది. కాదమ్మా, ఇది నదేనన్నాము. "నదే ఇంత ఉంటే..." అని, ఆ మాట పూర్తిచేయలేదు.

రేవు ప్రక్క కొండమీద

తెల్లవారి విశాఖలో దిగి, ఆతిథ్యమిచ్చినవారి ఇంట స్నానాలు చేసి, ఉపాహారం తీసుకున్నాక ఆ పెద్ద మమ్మల్ని పాతపట్టణంలోని రాస్ కొండకు తీసుకొనిపోయారు. రేవు ముఖద్వారానికి ప్రక్కగా మూడు చిన్న కొండలున్నాయి. ఒకదానిమీద మరియమాత దేవాలయం, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద వేంకటేశ్వరుని గుడి. సముద్రానికి వెళ్ళే నావికుల మతమేదైనా వారి ఇంటివారు ఎక్కివచ్చే కొండ ఒకటి అక్కడ ఉన్నదన్నమాట. ఎదురుగా, కాలువకు ఆవల, డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి మూతి చాపుకొని ఉన్నది.

మా యువజనులలో ఒకడు సెల్‌ఫోను తీయబోగా ఆ పెద్ద వారించారు. "వద్దు నాయనా, అటు డాక్‌యార్డు. ఫోటోలు తియ్యకూడదు. కళ్ళతోనే చూసుకోండి."

తూర్పు నౌకాదళానికి ముఖ్యస్థానం విశాఖపట్నమే. మేము నిలబడి చూస్తుండగానే బూడిదరంగు ఓడ ఒకటి, టగ్గు పడవలు తోడురాగా, కాలువ వెంట మెల్లగా సముద్రంలోకి వెళ్ళింది. దాని ప్రక్కన తెల్లని పెద్ద అక్షరమొకటి, అంకెలు కొన్ని ఉన్నాయి. "ఆ అక్షరం చదవడం వస్తే ఓడ పని తెలిసిపోతుంది" అన్నారు ఆ పెద్ద. కొండమీద నీడలో కూర్చొని ఆయన చెప్పిన పాఠం మాకు తోచినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

'ఆర్' అక్షరమున్నది విమానవాహక నౌక. మన దేశంలోనే కట్టి 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలోకి తీసుకున్న విక్రాంత్ పొడవు 262 మీటర్లు, బరువు దాదాపు 45,000 టన్నులు. సుమారు 1,600 మంది అందులో ఉండవచ్చు. అది సముద్రం మీద కదిలే విమానాశ్రయం. కాని దానిమీదికి వచ్చే ప్రతి అపాయాన్నీ అది ఒక్కటే ఎదుర్కోలేదు. అందుకని అది ఒంటరిగా యుద్ధానికి పోదు. చుట్టూ వేరే ఓడలు నడుస్తాయి.

'డి' అంటే డిస్ట్రాయరు. వేగంగా పోతూ, ఆకాశంనుండి వచ్చేదానినీ, నీటిమీద వచ్చేదానినీ, నీటిక్రింద వచ్చేదానినీ ఎదుర్కొనే పెద్ద యుద్ధనౌక. 'ఎఫ్' అంటే ఫ్రిగేటు. అది కూడా అన్ని విధాల పోరాడగలదు. సాధారణంగా డిస్ట్రాయరుకంటె కొంచెం చిన్నది, తోటి ఓడలకు కాపలాగా వెళ్ళేది. అయితే పరిమాణాన్ని బట్టి తేల్చివేయరాదని ఆయన హెచ్చరించారు. 2021లో విశాఖలోనే సేవ ముగించిన రాజ్‌పుత్ అనే డిస్ట్రాయరు దాదాపు 5,000 టన్నులు. 2010లో సేవలోకి వచ్చిన శివాలిక్ ఫ్రిగేటే అయినా దానికంటె పెద్దది. పేరు పనినిబట్టి వచ్చినది గాని బరువునుబట్టి కాదు. శివాలిక్, సాత్పురా, సహ్యాద్రి అని ఆ తరగతి ఫ్రిగేట్లకు కొండల పేర్లు పెట్టారు. అంతకుముందరి ఒక తరగతికి నదుల పేర్లు. మేము ఎక్కివచ్చిన రైలుకు పేరిచ్చిన గోదావరే ఒక ఫ్రిగేటుకు కూడా పేరిచ్చింది. అది 1983 నుండి 2015 వరకు సేవచేసింది.

'పి' అక్షరం కార్వెట్టులకు, గస్తీ ఓడలకు. కమోర్తా, కద్మత్, కిల్తాన్, కవరత్తి అనే దీవుల పేర్లుగల నాలుగు కార్వెట్టులు జలాంతర్గాములను వెదకి పట్టడానికే ప్రత్యేకంగా కట్టినవి. వాటిలో మొదటిదైన కమోర్తాను 2014 ఆగస్టులో విశాఖలోనే సేవలోకి తీసుకున్నారు. 'ఎమ్' అంటే శత్రువు నీళ్ళలో పరచిన మందుపాతరలను ఏరివేసే మైన్‌స్వీపరు. అటువంటి ఓడ ఒకదానికి మన కాకినాడ పేరు ఉండేది. అది 2017లో విశ్రమించింది. ఆ తరగతిలో చివరి ఓడ కూడా 2019లో సేవనుండి తొలగింది.

"ఇవన్నీ కొట్లాడేటివి" అన్నాడు మేనమామ, తన మేనల్లుడి వైపు ఓరగా చూస్తూ.

"అవును తమ్ముడూ. ఇప్పుడు వీటిని బ్రదికించే ఓడల సంగతి విను" అన్నారు ఆ పెద్ద.

'ఎల్' అక్షరమున్నది సైనికులనూ బండ్లనూ తీరానికి చేర్చే ఓడ. విశాఖలో ఉండే జలాశ్వ అటువంటిది. అమెరికానుండి కొని 2007లో సేవలోకి తీసుకున్నారు. దాని వెనుకభాగంలో ఒక పెద్ద తొట్టివంటి గది ఉంటుంది. అందులోకి సముద్రపు నీరు వదిలితే లోపలున్న పడవలు తేలి, వెనుక తలుపు గుండా బయటికి వెళ్తాయి. కరోనా కాలంలో, 2020 మే 10న, ఈ ఓడే మాల్దీవులనుండి 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది. యుద్ధానికి కొన్న ఓడ ఇల్లు చేరలేనివారిని ఇంటికి తెచ్చింది.

'జె' అక్షరమున్నది సర్వే నౌక. సముద్రం అడుగు ఎక్కడ ఎంత లోతో శబ్దతరంగాలతో కొలిచి పటాలు తయారుచేస్తుంది. క్రొత్త సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న విశాఖలో సేవలోకి వచ్చింది. మాకు వెంటనే పౌలు ఎక్కిన ఓడ గుర్తుకు వచ్చింది. చీకటిలో నావికులు బుడుదు వేసి, ముందు ఇరువది బారలు, మరికొంత దూరాన పదునైదు బారలు అని లోతు తెలిసికొన్నారు గదా! ఆ కొలత వేసినవారి పేర్లు లూకా వ్రాయలేదు. కాని వారు కొలవకపోతే ఓడ రాళ్ళమీద పడి ఉండేది. సర్వే నౌకలు అవసరమైనప్పుడు ఆసుపత్రులుగా కూడా మారతాయట. 2004 డిసెంబరు సునామీ తరువాత నిరూపక్ అనే సర్వే నౌకను ఆసుపత్రి ఓడగా సిద్ధపరచి ఇండోనేషియాకు పంపారు.

చివరది 'ఎ' అక్షరం. సహాయక నౌకలు. వాటిలో ముఖ్యమైనది ట్యాంకరు. విశాఖలో ఉండే జ్యోతి 1996లోను, శక్తి 2011లోను సేవలోకి వచ్చాయి. యుద్ధనౌకలకు నూనె, మంచినీరు, తిండి సామాను నడిసముద్రంలో అందించడమే వీటి పని. రెండు ఓడలు ప్రక్కప్రక్కన, నలభై యాభై మీటర్ల ఎడంలో, ఒకే వేగంతో గంటల తరబడి పోతూ ఉంటాయి. ముందు తుపాకితో ఒక సన్నని తాడు అవతలి ఓడమీదికి పేలుస్తారు. దానికి కొంచెం లావు తాడు, దానికి ఇనుపతాడు, దానిమీద నూనె గొట్టం. అలలు లేచి రెండు ఓడలూ ఊగుతున్నా ఆ ఎడం తగ్గకూడదు, పెరగకూడదు. "యుద్ధనౌక ఎంత గొప్పదైనా నూనె అయిపోతే తేలే ఇనుమే. ట్యాంకరు వస్తోందని తెలిస్తే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా డెక్కు మీదికొచ్చి చూస్తారు" అని ఆయన నవ్వారు.

డిసెంబరు 4ను మన దేశంలో నౌకాదళ దినంగా ఆచరిస్తారు. 1971లో ఆ రాత్రి నిపట్, నిర్ఘాట్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు కరాచీ రేవుమీద దాడిచేశాయి. ఆ మూడు పేర్లు చాలామంది విన్నవే. అవి తీరరక్షణకోసం తయారైన పడవలు. అంత దూరం వెళ్ళి రావడానికి వాటి స్వంత సత్తువ చాలదు. కిల్తాన్, కచ్చల్ అనే రెండు ఓడలు వాటికి కాపలా వెళ్ళాయి. వాటితోపాటు ఒక ట్యాంకరు కూడా వెళ్ళింది. దాని పేరు పోషక్. మా కుర్రవాడు ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

మధ్యాహ్న భోజనం

మధ్యాహ్నం ఆ పెద్ద ఇంటనే భోజనం. వంజరం చేప పులుసు, పప్పు, గోంగూర పచ్చడి. మేనమామ మూడవసారి పులుసు వడ్డించుకొని, వంట ఎవరు చేశారోగాని చాలా బాగుందన్నాడు. ఆ ఇంటి అమ్మగారు నవ్వి, "నేను కాదండి, ఆయనే. తెల్లవారుఝామున లేచి చేశారు. ఓడలో అలవాటు" అన్నారు.

అప్పటివరకు మాకెవరికీ తెలియదు. ఇన్ని ఓడల సంగతులు చెప్పినది ఫిరంగి పేల్చినవాడు కాదు. పదిహేనేళ్ళు ట్యాంకరు ఓడల వంటశాలలో పనిచేసినవాడు.

తుఫాను వేళ గిన్నెలు పొయ్యి మీదనుండి జారిపోకుండా చుట్టూ ఇనుప కమ్మీలు బిగిస్తారనీ, గంజి ఒలకకుండా గిన్నె సగానికే నింపుతారనీ, ఒక చేత్తో కడ్డీ పట్టుకొని రెండవ చేత్తో కలపాలనీ ఆయన చెప్పారు. "రెండు రోజులు తుఫానులో చిక్కుకుంటే కడుపులో ఏదీ నిలవదమ్మా. కుర్రాళ్ళు గోడకానుకొని ఏడుస్తారు. అప్పుడు వేడి చారు, రెండు రొట్టెలు వాళ్ళ చేతిలో పెట్టినవాడే వాళ్ళకు అమ్మ. నీ కొడుకు ఆ పనికి పోతున్నాడు. చిన్నతనంగా అనుకోకు."

ఆ తల్లి ఏమీ అనలేదు. మేనమామ మాత్రం తన కంచం తానే తీసి కడిగాడు.

ఇసుకమీద జలాంతర్గామి

సాయంత్రం రామకృష్ణా బీచికి వెళ్ళాము. అక్కడ ఇసుకమీద నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామిని ప్రియ పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. సోవియట్ దేశంలో కట్టిన ఈ నౌక 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు సేవచేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరవబడింది. పొడవు 91 మీటర్లు. లోపల సుమారు 75 మంది ఉండేవారు. జలాంతర్గామి పని దాగి ఉండడం. తాను కనబడకుండా శత్రువును కనిపెట్టడం, అవసరమైతే టార్పిడో వేయడం. నీటిక్రింద బ్యాటరీలమీద నడుస్తుంది. బ్యాటరీలు తరిగిపోతే పైకి వచ్చి గాలి తీసుకొని డీజిలు ఇంజన్లు నడపాలి.

గుండ్రని ఇనుప ద్వారాలగుండా వంగి, ఒక కాలు ముందు పెట్టి ఒక గదినుండి మరొక గదికి పోవాలి. టార్పిడోల ప్రక్కనే పడకలు. స్నానానికి నీళ్ళు దొరకని బ్రతుకు. మధ్యలో ఒక చిన్న వంటగది. మా చిల్కూరులో మేకపిల్లను కట్టే చోటు దానికంటె పెద్దది. కుర్రవాడు అక్కడ ఆగి, వెనుకనున్నవారు తొందరపెట్టేవరకు కదలలేదు.

బయటికి వచ్చాక ఆ పెద్ద, "మీరు చేవెళ్ళ దిక్కువారు కదా, దామగుండం తెలుసా?" అని అడిగారు. తెలియకేమి? చేవెళ్ళ దాటి, మన్నెగూడ మీదుగా వికారాబాదు వైపు పోయే మా దారిలోనే పూడూరు మండలంలో ఉన్న అడవి. నీటిక్రిందనున్న జలాంతర్గామికి మామూలు రేడియో మాట చేరదట. సముద్రపు నీరు ఆ తరంగాలను మింగివేస్తుంది. అత్యంత తక్కువ పౌనఃపున్యంగల తరంగాలే కొన్ని మీటర్ల లోతువరకు దిగగలవు; వాటిని పంపడానికి ఎంతో స్థలం, ఎత్తైన స్తంభాలు కావాలి. తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గర అటువంటి కేంద్రం 1990 నుండి ఉన్నది. రెండవదానికి దామగుండంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దాదాపు 2,900 ఎకరాల అడవి ఇందుకు ఇచ్చారు. చెట్లు పోతాయనీ, పశువుల మేత పోతుందనీ, మూసీ పుట్టే ప్రాంతానికి కీడనీ చుట్టుప్రక్కల పల్లెలవారు, పర్యావరణాన్ని ప్రేమించేవారు అభ్యంతరం చెప్పారు. ఆ మూసీ నీరే మా గండిపేటకు వచ్చేది గనుక వారి బాధ మాకూ తెలుసు. అయినా ఆ సాయంత్రం మాకు తోచినది వేరొక సంగతి. మాకు సముద్రం లేదనుకున్నాము; రేపు నడిసముద్రంలో, నీళ్ళక్రింద ఉన్న ఎవరి బిడ్డకో మాట చేరవలసినది మా ఇంటిముందు దారిలోనుండే!

కుర్సురాకు దగ్గరలోనే 1971 యుద్ధంలో అసువులు బాసినవారి జ్ఞాపకార్థం 1996లో కట్టిన స్మారకం ఉన్నది. దాని ముందు ఆ తల్లి తన రెండవ ప్రశ్న మళ్ళీ అడిగింది. "ఓడ మునిగితే ఎట్లయ్యా? వంటోళ్ళకు ముప్పు తక్కువుంటదా?"

ఆ పెద్ద అబద్ధం చెప్పలేదు. "లేదమ్మా. ఓడ మునిగినప్పుడు సముద్రం నీ చేతిలో గరిట ఉందా తుపాకి ఉందా అని అడగదు." 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంలో ఖుక్రీ అనే ఫ్రిగేటును శత్రువు జలాంతర్గామి ముంచివేసిన సంగతి చెప్పారు. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తాను తప్పించుకోక ఓడతోనే ఉండిపోయారు. ఆ తరువాత ఎదురుగా సముద్రం వైపు చెయ్యి చూపారు. అదే డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఈ రేవు బయటే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన బాంబులవల్ల అని మనవారు, లోపలి పేలుడువల్ల అని వారు అంటారు. తొంభైమందికి పైగా అందులోనే ఉండిపోయారు. "అప్పుడు నాకు పదేళ్ళు. ఊరంతా సంతోషించింది. మా అమ్మ మాత్రం ఆ రాత్రి 'వాళ్ళకీ అమ్మలుంటారు గదరా' అంది. ఆ మాట నేను నేవీలో ఉన్నన్నాళ్ళూ మరువలేదు."

మేము అలల ముందు నిలబడి ప్రార్థించాము. మునిగిన వారి తల్లులకోసం, రెండు దేశాల తల్లులకోసం. 2025 జూలై 18న విశాఖలో సేవలోకి వచ్చిన నిస్తార్ అనే ఓడనుగూర్చి అప్పుడే విన్నాము. దానిని కట్టినది ఈ ఊరి హిందూస్థాన్ షిప్‌యార్డే. లోతులో చిక్కుకున్న జలాంతర్గామిలోనివారిని రక్షించడానికి సహాయపడేది దాని పని. రక్షించడానికే కట్టిన ఓడ కూడా నౌకాదళంలో ఒకటున్నదని తెలిసినప్పుడు మా మనస్సుకు కొంత ఊరట కలిగింది.

తిరుగు ప్రయాణం

తిరుగు రైలులో మేము ఆ ఇరువది యేడవ అధ్యాయాన్ని మళ్ళీ చదువుకున్నాము. రెండువందల డెబ్బది ఆరుగురు. అనేక దినములు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు, పదునాలుగు దినములు కడుపులో అన్నం లేదు. ఓడ బ్రద్దలవడానికి కొన్ని గంటలముందు పౌలు చేసినదేమి? చుక్కాని పట్టలేదు, తెరచాప ఎత్తలేదు. రొట్టె పట్టుకొని, దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, విరిచి తిన్నాడు. అప్పుడు అందరూ ధైర్యము తెచ్చుకొని తిన్నారు. తిన్న సత్తువతోనే వారు తెల్లవారిన తరువాత ఈదుకొని, పలకలు పట్టుకొని ఒడ్డుకు చేరారు. ఇన్నిసార్లు ప్రసంగించిన మేము ఆ రొట్టెను తొందరగా దాటిపోయి ఒడ్డు దగ్గరకే పోయేవారము. ఈసారి అక్కడే ఆగాము.

మన సంఘములలో కూడా ఈ పొరపాటు జరుగుతున్నదని మాకు తోస్తున్నది. బోధించేవారిని, పాడేవారిని ముందు కూర్చుండబెడతాము. క్రిస్మస్ విందు రోజున రాత్రంతా పొయ్యి దగ్గర ఉన్నవారి పేర్లు నివేదికలో ఉండవు. కొరింథు సంఘమునకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక పండ్రెండవ అధ్యాయము చదివి, అవయవములన్నీ కావలెనని ఒప్పుకొని, మళ్ళీ కంటికే పెద్దపీట వేస్తాము. ఈ మాట ఇతరులకు చెప్పకముందు మేమే దిద్దుకోవలసియున్నది.

నాలుగేళ్ళ తరువాత ఆ కుర్రవాడి సంగతి ఏమవుతుందో మాకు తెలియదు. నలుగురిలో ఒకడుగా ఉంచుకుంటారో, సేవానిధితో ఇంటికి పంపుతారో. ఏ ఓడ ఎక్కిస్తారో కూడా ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ తల్లి భయం పోయిందని వ్రాస్తే అది సత్యము కాదు. అయితే తిరిగివచ్చిన తరువాతి ఆదివారం ప్రార్థన విన్నపముల సమయంలో ఆమె లేచి నిలబడింది. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి.

"మా పిలగాడు వంట చేయనీకి పోతుండు. తుఫానుల వాని చెయ్యి జారకుండ ప్రార్థన చేయుండ్రి. వాడు వండింది తిన్నోళ్ళందరు మల్ల ఇల్లు చేరాలె" అని చెప్పి కూర్చున్నది. వెనుక వరుసలోనుండి మొదట ఆమేన్ అన్నది మేనమామే.

ప్రియ పాఠకులారా, మీ ప్రార్థనలలో అతనినీ, మన తెలుగు పల్లెలనుండి సముద్రానికి వెళ్ళిన బిడ్డలందరినీ జ్ఞాపకము చేసికొనుడి. ఈసారి విశాఖ తీరాన బూడిదరంగు ఓడ ఏదైనా కనబడితే దాని ప్రక్కనున్న అక్షరం చూడండి. అది 'ఎ' అయితే ఇంకొక నిమిషం ఎక్కువ నిలబడి చూడండి.